ఫైల్ పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు: పాత ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపేవారు ఏ మార్గం ఎంచుకోవాలి

టర్బో సీ++ 3.0 ను, పాత డాస్ కంప్యూటరును అనుకరించే డాస్‌బాక్స్ ఎమ్యులేటరులో నడుపుతూ రాసుకున్న సీ ప్రోగ్రామును లినక్స్‌లోని జీసీసీ కంపైలరుకు ఇస్తే, అంతవరకూ చక్కగా పనిచేసిన, మెమరీ అడిగే మాలోక్ వాక్యం దగ్గర కంపైలర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాయిడ్ పాయింటరును ఇంట్ పాయింటరుగా స్వీకరించలేనని అది పెట్టే అభ్యంతరం సీ భాషకు చెందినది కాదు, సీ++ కు చెందినది. ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మారలేదు. మారినది ఫైల్ పేరులో చుక్క తరువాత వచ్చే 'సీ' అక్షరం. డాస్‌బాక్స్ కొత్తగా సృష్టించే ఫైలుకు పేరంతా పెద్దక్షరాలలో పెడుతుంది. జీసీసీ మాత్రం చివర చిన్న సీ ఉంటే సీ ప్రోగ్రాముగా, పెద్ద సీ ఉంటే సీ++ ప్రోగ్రాముగా తీసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో టర్బో సీతో చదువు మొదలుపెట్టి తరువాత లినక్స్‌కు మారిన విద్యార్థులు ఇలాంటి చోట తమ పాయింటర్ల పరిజ్ఞానాన్నే అనుమానించుకుని గంటలు పోగొట్టుకోకూడదన్నది ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం.

ఈ చిక్కుకు పరిష్కారాలు చాలానే ఉన్నాయి. ఎమ్యులేటరే సర్దుకుంటుందని వదిలేయవచ్చు, పేర్లన్నిటినీ ఒకే తీరుకు మార్చవచ్చు, లినక్స్ ఫైల్ సిస్టమునే తేడా పాటించవద్దని ఆదేశించవచ్చు, మధ్యలో ఒక పొరను అమర్చవచ్చు, లేదా మొత్తం సరంజామాను డిస్కు అంతటినీ ఒకే ఫైలుగా దాచే డిస్క్ ఇమేజ్‌లో పెట్టి బయటి ప్రపంచంతో సంబంధం తెంచివేయవచ్చు. వీటిలో ఏది మంచిదన్నది ఒకే ప్రశ్నపై ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం: ఆ ఫైలును పేరు పెట్టి వెతుకుతున్నది ఎవరు? లోపల నడిచే పాత ప్రోగ్రామా, ఎమ్యులేటరా, లేక బయట నడిచే లినక్స్ ప్రోగ్రామా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఏ మార్గం పట్టినా ఒకచోట సరిచేసింది మరోచోట చెడుతుంది.

తేడా ఎక్కడ పుడుతుంది

తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే విభజన లేదు కనుక ఈ తేడాను మనం ఏబీసీడీలతో పాటు బడిలో నేర్చుకున్నాం. కంప్యూటరుకు అవి మొదటినుంచీ రెండు వేర్వేరు అంకెలు. ఆస్కీ సంకేతంలో పెద్ద 'ఏ' విలువ 65, చిన్న 'ఏ' విలువ 97. లినక్స్‌కు ఫైల్ పేరంటే బైట్ల వరుస మాత్రమే. అందులో 65 ఉండవలసిన చోట 97 ఉంటే అది వేరే ఫైలు. డాస్ దృష్టి దీనికి పూర్తిగా భిన్నం. డాస్ డిస్కుపై ఫైళ్లను అమర్చే ఫ్యాట్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ డైరెక్టరీలో 32 బైట్ల నమోదు ఉంటుంది. అందులో పేరుకు 8, పొడిగింపుకు 3, మొత్తం 11 బైట్లు దక్కుతాయి. పేరును ఎలా టైపు చేసినా అక్కడికి చేరేలోగా పెద్దక్షరాలుగా మారిపోతుంది. అందువల్ల ఆనాటి ప్రోగ్రామరు ఒకే ఫైలును ఒకచోట పెద్దక్షరాలతో, మరోచోట చిన్నక్షరాలతో పిలిచినా అది తప్పు కాలేదు, తప్పని తెలిసే సందర్భమూ రాలేదు. విండోస్ 95 తో పొడవు పేర్లు వచ్చాక టైపు చేసిన రూపం భద్రంగా నిలవడం మొదలైంది గానీ, వెతికేటప్పుడు తేడా పాటించని అలవాటు అలాగే కొనసాగింది.

చాలామంది గమనించని విషయం మరొకటుంది. పేర్లు మన చేతికి వచ్చే దారిలోనే రూపం మార్చుకుంటాయి. పాత సిడిలలో వాడిన ఐఎస్‌ఓ 9660 పద్ధతి మొదటి స్థాయిలో పెద్దక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే అనుమతిస్తుంది. అలాంటి సిడిని లినక్స్‌లో మౌంట్ చేస్తే, అంటే వాడకానికి జతచేస్తే, లినక్స్ గుండెకాయ వంటి కెర్నల్ తనంతట తాను ఆ పేర్లను చిన్నక్షరాలలోకి మార్చి చూపిస్తుంది. అలా వద్దనుకుంటే మౌంట్ చేసేటప్పుడు 'మ్యాప్' ఐచ్ఛికాన్ని 'ఆఫ్' చేయాలి. అదే సిడిలో పొడవు పేర్ల కోసం చేర్చే రాక్ రిడ్జ్ గానీ జోలియెట్ గానీ అదనంగా ఉంటే తయారీదారు పెట్టిన రూపమే కనిపిస్తుంది. అంటే ఒకే సిడిని ఇద్దరు వేర్వేరు కంప్యూటర్లలో కాపీ చేసుకుంటే, ఒకరి దగ్గర పేర్లన్నీ పెద్దక్షరాలలో, మరొకరి దగ్గర చిన్నక్షరాలలో ఉండవచ్చు. ఫ్యాట్ పెన్‌డ్రైవులకూ ఇదే వర్తిస్తుంది. పొట్టి పేర్లను ఎలా చూపాలో నిర్ణయించే 'షార్ట్‌నేమ్' ఐచ్ఛికానికి కెర్నల్ 2.6.32 నుంచి 'మిక్స్‌డ్' అనేది సహజ విలువ. అంతకుముందు వేరుగా ఉండేది.

మ్యాక్ వాడేవారికీ విండోస్ వాడేవారికీ ఈ బాధ దాదాపుగా తెలియదు. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమును సహజంగా తేడా పాటించని రూపంలోనే ఏర్పాటు చేస్తారు, విండోస్ సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ఆ కంప్యూటర్లలో కట్టి పంపిన జిప్ ఫైళ్లు అక్కడ నిక్షేపంగా పనిచేసి, లినక్స్‌కు వచ్చేసరికి 'ఫైలు దొరకలేదు' అంటాయి. ఎదురు దిశలోనూ ఇబ్బంది ఉంది: లినక్స్ కెర్నల్ మూలంలో నెట్‌ఫిల్టర్‌కు చెందిన హెడర్లలో 'మార్క్' అనే పేరు పెద్దక్షరాలతో ఒకటి, చిన్నక్షరాలతో ఒకటి విడివిడిగా ఉన్నాయి, వాటిని మ్యాక్‌లోకి దించితే ఒకదానిపై మరొకటి పడిపోతుంది.

ఏదైనా మార్చేముందు

మొదట అసలు ఫోల్డరును అలాగే ఒక ప్రతి తీసి పక్కన పెట్టండి. తరువాత కేవలం అక్షరాల పరిమాణంలో, అంటే పెద్దక్షరమా చిన్నక్షరమా అన్నదానిలో, మాత్రమే తేడా ఉన్న జంట పేర్లు ఉన్నాయేమో చూడండి. ఫైండ్‌తో మొత్తం జాబితా తీసి, దాన్ని చిన్నక్షరాలలోకి మార్చి, సార్ట్ చేసి, యూనిక్ ఆదేశానికి 'డీ' ఐచ్ఛికమిస్తే రెండుసార్లు వచ్చిన పేర్లు బయటపడతాయి. ఇలాంటి జంటలు మూల ప్రోగ్రాములో ఉండవు, ఎందుకంటే డాస్‌లో అవి ఉండే వీలే లేదు. తరువాత ఎవరో ఒక సవరణ ఫైలును లినక్స్‌లో కాపీ చేసినప్పుడు పాతదాని స్థానంలోకి వెళ్లక పక్కన చేరి ఉంటాయి. రెంటిలో ఏది సరైనదో తేదీ, ఫైలు సైజు చూసి మీరే తేల్చాలి. ఏ పనిముట్టూ ఆ నిర్ణయం మీ తరఫున సరిగా తీసుకోలేదు.

వెతుకుతున్నది ఎవరో తేల్చడానికి, ఒక ప్రోగ్రాము కెర్నల్‌ను ఏమేమి అడుగుతుందో చూపే ఎస్‌ట్రేస్ మంచి సాధనం. ఫైల్ తెరవబోయి విఫలమైన ప్రతి ప్రయత్నమూ అందులో పూర్తి పేరుతో కనిపిస్తుంది. ఆ పేరును ఫోల్డరులో ఉన్న పేరుతో పోల్చి చూస్తే సమస్య అక్షరాల పరిమాణమా, లేక ఫైలే లేదా అన్నది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

ఎమ్యులేటరుకే వదిలేయడం

పాత ప్రోగ్రాము ఒక్కటే ఆ ఫైళ్లను వాడేటట్లయితే చాలాసార్లు మీరు ఏమీ చేయనక్కరలేదు. డాస్‌బాక్స్‌లో ఒక ఫోల్డరును మౌంట్ చేసినప్పుడు అది లోపలి పేర్లన్నిటినీ చదివి, ప్రతిదానికీ ఎనిమిది-మూడు పద్ధతిలో పెద్దక్షరాల పేరు కేటాయించి తన దగ్గర పట్టిక ఉంచుకుంటుంది. డాస్ ప్రోగ్రాము ఏ రూపంలో అడిగినా ఆ పట్టిక ద్వారా అసలు ఫైలు దొరుకుతుంది. ఈ సౌకర్యానికి రెండు పరిమితులున్నాయి. బయటి నుంచి ఆ ఫోల్డరులో కొత్త ఫైలు వేస్తే పట్టికకు వెంటనే తెలియదు. కంట్రోల్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి పట్టికను తాజాపరచాలి. రెండోది, పైన చెప్పిన జంట పేర్లు ఉంటే వాటిలో ఒకటి టిల్డే గుర్తుతో కుదించిన వింత పేరుగా మారుతుంది, ప్రోగ్రాముకు రెండోదే దొరుకుతుంది. అది మీరు కోరుకున్నదే కావాలని లేదు.

సేవ్ చేయడం విషయంలో ఇంకొక సూక్ష్మం ఉంది. ఉన్న ఫైలునే తెరిచి రాస్తే బయటి పేరు మారదు. కానీ కొన్ని ఎడిటర్లు పాతదాన్ని బ్యాకప్ పేరుకు మార్చి, అసలు పేరుతో కొత్త ఫైలు సృష్టిస్తాయి. అప్పుడు చిన్నక్షరాలలో ఉన్న పేరు కాస్తా పెద్దక్షరాలలోకి వస్తుంది. నిన్నటిదాకా కంపైల్ అయిన ఫైలు ఈరోజు ఎందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఇక్కడే ఉంటుంది.

వైన్ పద్ధతి వేరు. నిజానికి అది ఎమ్యులేటరు కాదు, విండోస్ పిలుపులను లినక్స్ పిలుపులుగా మార్చే పొర. కానీ పాత ప్రోగ్రాములు నడిపేవారికి రెండూ ఒకే అవసరం తీరుస్తాయి కనుక ఇక్కడ కలిపి చెబుతున్నాను. ప్రోగ్రాము అడిగిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఉందేమో వైన్ ముందు చూస్తుంది. లేకపోతే ఆ డైరెక్టరీ మొత్తం చదువుతూ పరిమాణంతో నిమిత్తం లేకుండా సరిపోయే పేరు కోసం గాలిస్తుంది. పదుల సంఖ్యలో ఫైళ్లున్న చోట దీని ఖర్చు తెలియదు. వేల ఫైళ్లున్న ఫోల్డరులో, ప్రతి బొమ్మకూ ముందు ఒక ప్రత్యామ్నాయ పేరు కోసం వెతికే ప్రోగ్రాము నడుస్తుంటే మాత్రం ఈ గాలింపు స్పష్టంగా నెమ్మది కలిగిస్తుంది.

అన్ని ఎమ్యులేటర్లూ ఇంత సర్దుబాటు చేయవు. డాస్ కంటే ముందటి ఆపరేటింగ్ సిస్టమైన సీపీ/ఎం ప్రోగ్రాములు నడిపే రన్‌సీపీఎం, తేడా పాటించే ఫైల్ సిస్టములపై ఫోల్డర్లూ ఫైళ్లూ పెద్దక్షరాలలోనే ఉండాలని కోరుతుంది. అక్కడ ఆ నియమాన్ని పాటించడమే సులభం.

పేర్లు మార్చడం

పేర్లన్నిటినీ ఒక్క స్క్రిప్టుతో చిన్నక్షరాలలోకి మార్చివేయడం అందరికీ ముందుగా తట్టే ఉపాయం. నా దృష్టిలో ఇది సరైన సందర్భాలు కొద్ది. అవి ఎలాంటివంటే, పాత ఆటల డేటాను లినక్స్ కోసం కొత్తగా రాసిన ఇంజనుకు అందించేవి. 1996లో వచ్చిన క్వేక్‌ను డాస్‌లో స్థాపిస్తే 'ఐడీ1' ఫోల్డరు, అందులోని 'పాక్0' డేటా ఫైలు పెద్దక్షరాలలో ఉంటాయి; లినక్స్ ఇంజన్లు వాటిని చిన్నక్షరాలలో వెతుకుతాయి. మార్చవలసినవి రెండు మూడు పేర్లే, ఎవరు ఏ రూపంలో వెతుకుతారో ముందే తెలుసు కనుక మార్చివేయడమే తగిన పని. చాక్లెట్ డూమ్ రచయితలు ఈ భారం వాడేవారిపై వేయకుండా, ఇచ్చిన రూపం, పూర్తి చిన్నక్షరాలు, పూర్తి పెద్దక్షరాలు, మొదటి అక్షరం మాత్రమే పెద్దది ఇలా ఒక్కొక్కటీ ప్రయత్నించేలా ఇంజనులోనే ఏర్పాటు చేశారు. అది నిజంగా మెచ్చుకోదగిన శ్రద్ధ.

పెద్ద ప్రోగ్రాములకు ఇదే ఉపాయం వాడితే చిక్కు. ఫైళ్ల పేర్లు ఫోల్డరులోనే కాక, సెట్టింగుల ఫైళ్లలో, ప్రాజెక్టు ఫైళ్లలో, ఇతర ఫైళ్ల కడుపులో కూడా రాసి ఉంటాయి. క్వేక్ పాక్ ఫైలునే తీసుకుంటే, లోపలి ప్రతి అంశానికీ 56 బైట్ల పేరు ఉంటుంది; బయట పేరు మార్చే స్క్రిప్టు అక్కడికి చేరలేదు. మార్చక తప్పనిసరైతే కాన్వ్‌ఎంవీ అనే పనిముట్టును సూచిస్తాను, ఎందుకంటే అది మొదటిసారి ఏం మార్చబోతుందో చూపిస్తుందే తప్ప నిజంగా మార్చదు. 'నోటెస్ట్' ఐచ్ఛికం ఇచ్చినప్పుడే పని చేస్తుంది. మామూలు ఎంవీతో స్క్రిప్టు రాసుకునేవారు ఉన్న ఫైలుపై రాయకుండా ఆపే 'ఎన్' ఐచ్ఛికాన్ని మరవకూడదు.

కేస్‌ఫోల్డ్

లినక్స్ కెర్నల్ 5.2 తో, 2019లో, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టముకు కేస్‌ఫోల్డ్ సదుపాయం వచ్చింది. ఇది ఫైల్ సిస్టము మొత్తానికి కాక డైరెక్టరీ డైరెక్టరీకీ విడిగా అమలవుతుంది. సీహెచ్-యాట్టర్ ఆదేశానికి ప్లస్ గుర్తుతో పెద్ద ఎఫ్ ఇస్తే ఆ డైరెక్టరీ అప్పటినుంచి పేర్ల పరిమాణాన్ని పట్టించుకోదు. మీరు పెట్టిన రూపం మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. లోపల తరువాత సృష్టించే ఫోల్డర్లకూ ఆ గుణం సంక్రమిస్తుంది. పాత ప్రోగ్రాము, ఎమ్యులేటరు, లినక్స్ ప్రోగ్రాములు మూడూ ఒకే ఫోల్డరును పంచుకోవలసినప్పుడు నేను ముందుగా సిఫారసు చేసేది ఇదే, ఎందుకంటే జవాబు చెప్పేది కెర్నల్ కనుక అడిగినవారు ఎవరైనా ఒకే జవాబు వస్తుంది. వైన్ కూడా ఉన్న ఫైలు కోసం మొదటి ప్రయత్నంలోనే విజయం పొందుతుంది, డైరెక్టరీ అంతా చదవవలసిన పని తప్పుతుంది.

పాటించవలసిన క్రమం ఒకటుంది. డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడే ఈ గుర్తు పెట్టగలరు. కనుక ముందు ఖాళీ ఫోల్డరు, తరువాత గుర్తు, ఆ తరువాతే కాపీ. ఇంతకుముందు చెప్పిన జంట పేర్లు ఏరివేయకుండా కాపీ చేస్తే రెండో ఫైలు మొదటిదానిపై రాసేస్తుంది, మీకు హెచ్చరిక కూడా రాకపోవచ్చు. ఫైల్ సిస్టమును తయారుచేసేటప్పుడు గానీ, తరువాత ట్యూన్2ఎఫ్‌ఎస్ ఆదేశంతో గానీ కేస్‌ఫోల్డ్ సదుపాయాన్ని కోరాలి. అందుకోసం ఉన్న డిస్కు విభాగాన్ని కదిలించకుండా, రెండు మూడు జీబీల ఒక పెద్ద ఫైలును సృష్టించి, దాన్ని ఈఎక్స్‌టీ4 గా ఫార్మాట్ చేసి, ఫైలునే డిస్కుగా చూపే లూప్ పద్ధతిలో మౌంట్ చేసుకోవడం క్షేమకరం. ఫెడోరా డెస్క్‌టాప్ 33 నుంచి సహజంగా వాడుతున్న బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఇలాంటి సదుపాయం లేదు కనుక వారికీ ఈ లూప్ ఫైలే దారి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారికి ఇక్కడ ఒక ఉపకారం కూడా ఉంది. మన ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, మామూలు లినక్స్ డైరెక్టరీకి అవి రెండు వేర్వేరు పేర్లు. కేస్‌ఫోల్డ్ పోల్చేముందు పేర్లను యూనికోడ్ నియమాల ప్రకారం ఏకరూపం చేస్తుంది కనుక అక్కడ రెండూ ఒకటిగానే చెల్లుతాయి.

నిర్వాహక అధికారం లేని కంప్యూటరులో, లేదా 5.2 కంటే పాత కెర్నల్‌పై పనిచేసేవారికి ఫైల్ సిస్టమును మామూలు ప్రోగ్రాముగా నడపనిచ్చే ఫ్యూజ్ ఆధారంగా నడిచే సీఐఓపీఎఫ్‌ఎస్ ఉంది. అది పేర్లను కింద చిన్నక్షరాలలో దాచి, అసలు రూపాన్ని అదనపు లక్షణంగా భద్రపరుస్తుంది. ప్రతి పిలుపూ మరో ప్రోగ్రాము గుండా పోవలసి ఉంటుంది కనుక వేగం తక్కువ. వేరే దారి లేనప్పుడు మాత్రమే దీనికి వెళ్లండి.

డిస్క్ ఇమేజ్

పేర్ల విషయంలో ఏ అనువాదమూ అక్కరలేని మార్గం డిస్క్ ఇమేజ్. అందులో నిజమైన ఫ్యాట్ ఉంటుంది, ఆ 11 బైట్లు డాస్ రాసినట్టే ఉంటాయి, లినక్స్‌కు కనిపించేది ఒకే ఒక ఫైలు. 86బాక్స్ వంటి పూర్తి యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లు సహజంగానే ఇలా పనిచేస్తాయి, డాస్‌బాక్స్ కూడా ఇమ్‌గ్‌మౌంట్ ఆదేశంతో ఇమేజ్‌ను తీసుకుంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడం మీ లక్ష్యమైతే ఇంతకంటే విశ్వసనీయమైనది లేదు. సిడి అయితే ఫైళ్లను విడిగా కాపీ చేయడం మాని, సిడి ఇమేజ్‌నే తీసి ఉంచండి. పేర్ల రూపం గురించిన సందేహం మరి రాదు.

దీనికి చెల్లించవలసిన మూల్యం, ఫైళ్లను బయటికీ లోపలికీ చేర్చడంలో శ్రమ. ఎమ్యులేటరు ఆగి ఉన్నప్పుడు ఎంటూల్స్‌తో మౌంట్ చేయకుండానే కాపీ చేసుకోవచ్చు, లేదా లూప్ పద్ధతిలో మౌంట్ చేయవచ్చు. పాత హార్డ్ డిస్క్ ఇమేజ్‌లలో మొదటి విభాగం సాధారణంగా 63వ సెక్టరు దగ్గర మొదలవుతుంది కనుక 512 తో హెచ్చించి 32256 బైట్ల దూరాన్ని ఇవ్వాలి. ఎమ్యులేటరు నడుస్తుండగా అదే ఇమేజ్‌ను బయటి నుంచి రాస్తే ఫ్యాట్ పట్టిక చెడిపోతుంది. ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. క్యూఎము అనే మరో ఎమ్యులేటరు ఒక ఫోల్డరునే ఫ్యాట్ డిస్కుగా చూపించగలదు గానీ, ఆస్కీయేతర పేర్లు వాడవద్దని, లోపలివారు వాడుతుండగా బయట రాయవద్దని దాని పత్రాలే చెబుతాయి. చదవడానికి మాత్రమే దాన్ని వాడడం ఉత్తమం.

ఎవరికి ఏది

టర్బో సీ విద్యార్థికి డాస్‌బాక్స్‌లో ఫోల్డరు మౌంట్ చేయడం చాలు. ప్రోగ్రామును జీసీసీకి ఇచ్చేముందు పేరు చివరి అక్షరాన్ని చిన్నదిగా మార్చండి, లేదా 'ఎక్స్' ఐచ్ఛికంతో ఇది సీ భాష అని స్పష్టంగా చెప్పండి. సొంత హెడర్ ఫైళ్లను ఇన్‌క్లూడ్ వాక్యాల్లో ఏ రూపంలో రాశారో అదే రూపంలో ఫోల్డరులోనూ ఉంచండి. టర్బో సీ ఆ తేడాను ఎన్నడూ అడగలేదు, జీసీసీ తప్పక అడుగుతుంది. ఇక్కడ కేస్‌ఫోల్డ్ వాడమని నేను చెప్పను, ఎందుకంటే ఆ ప్రోగ్రాము రేపు మరొకరి కంప్యూటరుకు వెళ్లినప్పుడు అదే తప్పు మళ్లీ బయటపడుతుంది. మన చేతిలో ఉన్న మూలాన్ని సరిచేయగలిగినప్పుడు సరిచేయడమే మేలు.

మూలం మన చేతిలో లేని విండోస్ ప్రోగ్రాముల సంగతి వేరు. పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత తెలుగు పుస్తకాలను తెరవవలసిన డీటీపీ పనివారినే తీసుకోండి. పుటల ఫైలులో బొమ్మలు తరచుగా లింకులుగా ఉంటాయి; ఆ బొమ్మలు సంవత్సరాలుగా ఫ్లాపీల నుంచి, సిడిల నుంచి, పెన్‌డ్రైవుల నుంచి పోగై ఒక్కొక్కటి ఒక్కో రూపంలో పేరు మోస్తుంటాయి, వాటిని లినక్స్‌లో గింప్‌తో సరిదిద్దవలసి రావచ్చు, పేర్ల జాబితాతో సరిపోల్చే స్క్రిప్టులు నడపవలసి రావచ్చు. లోపలి, బయటి ప్రోగ్రాములు రెండూ తాకే ఇలాంటి ఫోల్డరుకు కేస్‌ఫోల్డ్ సరిగ్గా సరిపోతుంది. అయితే ఆర్‌సింక్ గానీ టార్ గానీ పేర్లను యథాతథంగా తీసుకెళ్తాయే తప్ప కేస్‌ఫోల్డ్ గుర్తును తీసుకెళ్లవు. కొత్త డిస్కుకు మారినప్పుడు ముందుగా ఖాళీ ఫోల్డరు చేసి, గుర్తు పెట్టి, ఎల్ఎస్-యాట్టర్‌తో అది పడిందో లేదో చూసి, ఆ తరువాతే బ్యాకప్ నుంచి ఫైళ్లను అందులోకి దించండి.